కౌజుపిట్ట మీద ఒట్టు

ధాత సంవత్సరం పోయి ఈశ్వర వచ్చింది గానీ వాన మాత్రం రాలేదు. సర్కారువాళ్ళు పోసే గంజి కోసం జనం తోసుకుంటున్న ఆ రోజుల్లో, మాల్యాద్రి ఉదయగిరి నుంచి రెండు రోజులు నడిచి ఆత్మకూరు సంతకు ఒక పిట్టను అమ్మడానికి వచ్చాడు. అమ్మడంలో వింతేముంది, కడుపు కాలితే తాళిబొట్టే అమ్ముకుంటారు. కానీ ఈ మహానుభావుడి షరతు వినండి! కొన్నవాళ్ళు దాన్ని తినకూడదట. మనుషులు చింతగింజలు ఉడకేసుకుని తింటున్న ఏడాదిలో! సంతలో జనం నవ్వారంటే నవ్వరా మరి.

అయితే అది దీపకపు కౌజు. దాన్ని బుట్టలో పెట్టి కొండవార ఉంచితే అది కూస్తుంది. ఆ కూత విని, తన జాగాలోకి ఇంకెవడొచ్చాడని అడవి కౌజు రోషంగా పరుగెత్తుకొస్తుంది. చుట్టూ పన్నిన ఉరుల్లో పడుతుంది. మాల్యాద్రి బతుకంతా ఆ కూత మీదే నడిచింది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన ఆ పిల్లను అతని పెళ్ళాం వరదమ్మ కొంగులో పెట్టుకుని సాకింది. ‘సిన్నబ్బి’ అని పేరు పెట్టింది. పిల్లలు లేని ఇల్లు, ఇంకెవరిని పిలుచుకుంటుంది పాపం! మాఘమాసంలో జ్వరమొచ్చి పోతూ పోతూ కూడా ఆమె చెప్పింది ఆ పిట్ట మాటే.

“సిన్నబ్బిని ఎవురికీ కూడు కానియ్యబాకయ్యా.”

సరేనన్నాడు. అనడానికేం, అన్నాడు. తరవాత కొండలో అడవి కౌజులు కనబడడం మానేశాయి. పుట్టల్లో దాని మేత చెదలు కూడా లోపలికి దిగిపోయాయి. ఒక పొద్దున సిన్నబ్బిని చేతిలోకి తీసుకుని మేత పెడుతుంటే, మాల్యాద్రి బొటనవేలు దాని రొమ్ము మీద ఒత్తి చూస్తోంది. కండ ఎంతుందా అని. ఆ వేలు తనదేనని తెలిసి అతనికి ఒళ్ళు జలదరించింది. మర్నాడు మళ్ళీ అదే వేలు, అదే పని. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకుని, ఆ పూటే బుట్టకు గుడ్డ చుట్టి బయల్దేరాడు. దాన్ని లోకం నుంచి కాదు, ముందు తన నుంచి కాపాడాలి.

సంతలో అడిగినవాళ్ళు చాలామందే. “మాంసం ఎంత పడతాదిరా?” అన్నవాణ్ణి కసిరి పంపించాడు. పిట్టను చూడకుండా కత్తి పదును చూసుకుంటున్నవాడికి బుట్టే చూపించలేదు. మధ్యాహ్నానికి ఒక ఆడమనిషి వచ్చి బుట్ట ముందు కూచుంది. నల్లగా, సన్నగా, మెడలో పూస కూడా లేకుండా ఉంది.

“నా పేరు లిదియమ్మన్నా. పెన్న ఒడ్డున మా పల్లె. మా మామ ఆదెయ్య కోసరం అడగతా ఉండా. ఆయన కూడా ఒకప్పుడు పిట్టలు పట్టినోడే. ఇప్పుడు కళ్ళు పోయినాయి. పొద్దన్నే కౌజు కూత వినబడితే లేచి కూచోవాలనిపిస్తాదంటాడు.”

కరువులో ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంటుంది. మాల్యాద్రి నమ్మలేదు. పరీక్ష పెట్టాడు.

“చెదలు యాడ తెస్తావమ్మీ?”

“ఎండిన పేడకడి తిరగేస్తే దొరకతాయంట, మామ చెప్పినాడు.”

“ఎండలో పెడితే?”

“బుట్ట మీద తడిగుడ్డ. కానీ రెక్కలు తడవకూడదు.”

అన్నీ సరిగ్గా చెప్పింది. మాల్యాద్రి మనసు మెత్తబడింది. ఇక మిగిలింది ఒక్కటే. దీపకం చేతులు మారేటప్పుడు కొనేవాడి అరచేతిలో దాని మేత గింజలు పోస్తారు. వాటిని పట్టుకుని, దీని మెడ మీద కత్తి పెట్టనని ఒట్టు వెయ్యాలి. ఇది పిట్టలు పట్టేవాళ్ళ తాతలనాటి కట్టడి. అతను గింజలు తీసి ఆమె ముందుకు చాపాడు.

లిదియమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. “ఒట్టు పెట్టనన్నా.”

“ఏందీ?”

“మేం కిరస్తానంలో కలిసినాం. మాకు ఒట్లు కూడవు. చంపనని చెప్తా ఉండా గదా, చంపను. అంతే.”

అంతవరకూ బాగానే ఉన్న మాల్యాద్రికి ఒక్కసారిగా తిక్క రేగింది. మోసపోబోయి తప్పించుకున్నానన్న కోపం అది. ఒట్టు పెట్టని మనిషి తినక ఏం చేస్తుంది? లేచి నిలబడి సంతంతా వినేలా అరిచాడు.

“గంజి కోసరం దేవుణ్ణే మార్చుకున్నోళ్ళు, నా పిట్టను వదలతారా! పో, పోయి మీ పాదిరి దొర కాడ అడుక్కో!”

చుట్టూ జనం గొల్లుమన్నారు. ఎవడో ఈల కూడా వేశాడు. లిదియమ్మ కొంగు తల మీదికి లాక్కుని, బుట్టలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మాల్యాద్రి గెలిచినవాడిలా కూచున్నాడు. పాడు గెలుపు!

కాసేపటికి నరసింహ వచ్చాడు. ఆత్మకూరులో రెండు గాదెల ఆసామి, చెవులకు బంగారు పోగులు. గింజలు అడక్కుండానే అరచెయ్యి చాపాడు.

“దీని మెడ మీద నేను కత్తి పెడితే నా వంశం నాశనం. చాలా? ఇంకేమన్నా అనాల్నా?”

ఎంత పెద్ద ఒట్టు! మాల్యాద్రికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటానని మాట తీసుకున్నాడు. నరసింహ ఇచ్చిన కుంచెడు సజ్జలు మూట కట్టుకుని ఉదయగిరి దారి పట్టాడు. పదిహేను రోజులు సజ్జ గటక తిన్నాడు, హాయిగా నిద్రపోయాడు. అక్కడ సిన్నబ్బి కూడా తింటోందిలే అనుకున్నాడు.

పదహారో రోజున బయల్దేరి మళ్ళీ ఆత్మకూరు వచ్చాడు. దారిలో ఒక పుట్ట తవ్వి, ఆకు పొట్లంలో కాసిన్ని చెదలు కూడా పట్టుకొచ్చాడు. నరసింహ అరుగు మీద కూచుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. పక్కనే మాల్యాద్రి అల్లిన వెదురు బుట్ట ఉంది, దాన్నిండా ఎండుమిరపకాయలున్నాయి.

“పిట్ట యాడుండాదయ్యా?”

“అదా? సర్కారు కచేరీ మనుషులు విడిది దిగినార్రా మా ఇంట్లో. ఊళ్ళో ఒక కోడి మిగిలుంటే గదా. ఏం చేసేది మరి!”

“ఒట్టు పెట్టినావు గదయ్యా...” అన్నాడు మాల్యాద్రి.

నరసింహకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. “నేను పెట్టలేదబ్బా కత్తి! వంటమనిషి పెట్టినాడు. నేను ఆ పక్కకు కూడా పోలా. ఒట్టు తప్పే రకమా నేను? కావాలంటే ఆ బుట్ట తీసుకుపో.”

మాల్యాద్రి బుట్ట తీసుకోలేదు. వీధిలోకి వచ్చాక చేతిలో పొట్లం గుర్తొచ్చి, గోడవార విప్పి పారబోశాడు. ఏడుపు రాలేదు, సిగ్గేసింది. మనిషిని కాకుండా ఒట్టును నమ్మిన తన తెలివికి సిగ్గేసింది. పదిహేను రోజులు తిన్న సజ్జలు కడుపులో ఉన్నట్టుండి బరువెక్కాయి. వరదమ్మకు చెప్పుకునే వీలు లేదు. చెప్పుకోవలసిన మనిషి ఇంకొకత్తె బతికే ఉంది. ఆమె కాళ్ళ మీద పడి, తప్పయిందమ్మా, నా నోరు పడిపోనూ అనాలి. అదొక్కటన్నా చేస్తే కొంచెం మనిషినవుతాననుకుని పెన్న ఒడ్డుకు నడిచాడు.

ఆమె గుడిసె కనుక్కోవడం కష్టం కాలేదు. లిదియమ్మ వాకిట్లో కూచుని ఏదో ఆకు గిల్లుతోంది. అతన్ని చూడగానే గబుక్కున లేచింది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండును.

“అన్నా, నువ్వా! పిట్ట బాగుండాదా?”

మొహమంతా నవ్వు. కోపం ఛాయ కూడా లేదు. మాల్యాద్రి దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి.

“బాగుండాది,” అన్నాడు.

అనేశాడు! నాలుక మీదికి ఎలా వచ్చిందో అతనికే తెలీదు.

“మామా, ఆ పిట్టాయన వచ్చినాడు. పిట్ట బాగుండాదంట!” లోపలికి కేకేసింది లిదియమ్మ. “దేవుడు చల్లగా చూసినాడు. ఆ పొద్దు ఎవురి చేతిలో పడిందో అని నాకు ఒకటే దిగులన్నా.”

చూరు పట్టుకుని తడుముకుంటూ ముసలి ఆదెయ్య వచ్చి గడపలో కూచున్నాడు. తెల్లబడిన కళ్ళు ఎటో చూస్తున్నాయి.

“కూస్తా ఉండాదా అబ్బయా?”

“కూస్తాది... పొద్దన్నే కూస్తాది.”

“ఎట్ట కూస్తాదో ఒక్కసారి కూసి చూపించవా? మనం ఒక పనోళ్ళమే గదా. నీకు వచ్చే ఉంటాది.”

మాల్యాద్రికి పారిపోవాలనిపించింది. భూమి చీలితే దిగిపోవాలనిపించింది. కానీ ఆ గుడ్డి మొహం అతని వైపే చెవి ఒగ్గి ఉంది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూశాడు. మొదట సన్నగా, తరవాత ఒకదాని వెంట ఒకటి, గొంతు బిగబట్టి, అచ్చం సిన్నబ్బి కూసినట్టే. ముసలాయన పళ్ళు లేని నోరు తెరిచి పిల్లాడిలా నవ్వాడు. మళ్ళీ కూయమన్నాడు. మళ్ళీ కూశాడు.

లిదియమ్మ ముంతలో గంజి తెచ్చి చేతికిచ్చింది. అది ఆమె వంతు గంజే అయి ఉంటుంది. మాల్యాద్రి ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. అడగవమ్మా, ఒక్కసారి అడుగు, నిజమేనా, ఒట్టు పెట్టు అని అడుగు అని లోలోపల మొత్తుకున్నాడు. అడిగితే పెట్టలేడు. పెట్టలేక నిజం కక్కేసేవాడే.

ఆమె అడగలేదు. “ఎండన పడి వచ్చినావు, తాగన్నా,” అంది.

మాల్యాద్రి తలొంచుకుని ఆ గంజి తాగాడు.