నాంచారమ్మ సంతకం

నేరేడ్‌మెట్‌లోని ఆ ఇంటి తాళం తీసినప్పుడల్లా దేవానందం గుమ్మంలో కాసేపు ఆగేవాడు. లోపల ఎవరో పలక మీద బలపంతో రాస్తున్నట్టు సన్నని చప్పుడు. అడుగు పెట్టగానే ఆగిపోయేది. మొదట ఎలుకలనుకున్నాడు. తరువాత ఏమీ అనుకోవడం మానేశాడు.

ఆ ఇల్లు మార్త టీచర్‌ది. ఆమె వీలునామా రాసి, తనతో కలిసి పనిచేసిన దేవానందాన్ని దానికి ఎగ్జిక్యూటర్‌గా పెట్టింది. ఆమె కన్నుమూసిన క్షణం నుంచి ఆ ఇల్లు చట్టప్రకారం అతని చేతిలోకి వచ్చింది. అనుభవించడానికి కాదు, అంత్యక్రియల ఖర్చులూ బాకీలూ తీర్చి, రాసింది రాసినట్టు ఎవరిది వాళ్లకు అప్పగించడానికి. ఇల్లు మేనల్లుడు రిచర్డ్‌కు, పెరట్లో గది మాత్రం ఆమెను చివరిదాకా కనిపెట్టుకుని ఉన్న నాంచారమ్మకు. మిగిలినవన్నీ రిచర్డ్‌కే. రాతలో చిక్కేమీ లేదు.

చిక్కు సంతకాల దగ్గర వచ్చింది.

"సాక్షులు ఇద్దరే సార్. ఒకరు పక్కింటి సామ్యూల్, రెండోది నాంచారమ్మ" అన్నాడు వకీలు. "గది ఎవరికి రాశారో ఆ మనిషితోనే సాక్షి సంతకం పెట్టిస్తే ఎట్లా? వీలునామా చెల్లుతుంది. ఆమెకు రాసింది చెల్లదు, ఆ గది కూడా రిచర్డ్‌కే పోతుంది. టీచరమ్మ హిందువైతే ఈ సెక్షన్ వర్తించేదే కాదు. క్రిస్టియన్ల వీలునామాకు తప్పదు."

"ఎగ్జిక్యూటర్‌గా నేనే ఇచ్చేస్తే?"

"మీది కానిది ఎట్లా ఇస్తారు సార్?"

ఆ సంతకం అక్కడికి ఎలా వచ్చిందో దేవానందం ఊహించగలడు. నాంచారమ్మకు అక్షరాలు నేర్పింది మార్తే. ముసలితనంలో దొరికిన ఆఖరి శిష్యురాలు. ఆమె నేర్చుకున్న పేరు మొట్టమొదట తన కాగితం మీదే పెట్టించాలని టీచర్ ముచ్చటపడి ఉంటుంది.

ఆదివారం చర్చి అయ్యాక రిచర్డ్ అల్వాల్ నుంచి స్కూటర్ మీద వచ్చాడు. నాంచారమ్మ ఇద్దరికీ చాయ్ తెచ్చింది. దేవానందం గొంతు సవరించుకున్నాడు.

"నాంచారమ్మా, నీ గది సంగతి..."

"ఈడ వద్దు సారూ" అంది ఆమె. "మీ మొఖం చూస్తనే సమజైంది, మంచి ముచ్చట కాదని. జెర బైటికి నడువుండ్రి. అమ్మ వింటది."

రిచర్డ్ నవ్వబోయాడు. మార్త కూర్చునే వాలుకుర్చీ వైపు చూసి మానుకున్నాడు.

గేటు బయట ఎండలో నిలబడి దేవానందం అంతా చెప్పాడు.

"అంటే నేను పేరు రాయకుంటే గది నాదయ్యేదా?"

"అవును."

ఆమె తన చేతివేళ్ల వైపు చూసుకుంది. "ఎంత తక్లీఫ్ వడి నేర్పిచ్చింది సారూ. గిది ఆమెకు తెల్వొద్దు. ఖాళీ చేస్త. సీతాఫల్‌మండిల మా అక్క రమ్మన్నదని చెప్త. నా అంతట నేనే పోతున్ననని."

"ఎవరికి చెప్తావ్?" అన్నాడు రిచర్డ్.

ఆమె ఇంటివైపు చూసింది.

రిచర్డ్ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "అంకుల్, గది నా పేరుకొచ్చాక నేనేం చేసినా ఎవరూ అడ్డం రారు కదా?"

"రారు. అప్పగించడం వరకే నా పని. నీకు షరతు పెట్టే అధికారం కూడా నాకు లేదు."

"అయితే తొందరగా అప్పగించండి. ఈమెకు రాసిచ్చేస్తా." గొంతు తగ్గించాడు. "అత్తయ్య రోజూ కల్లోకొచ్చి ఎక్కాలు అప్పజెప్పమంటోంది. పదమూడో ఎక్కం నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు."

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో దేవానందానికి తెలియలేదు.

వీలునామాకు కోర్టు ఆమోదం వచ్చి, గది రిచర్డ్ పేరుకు మారి, దానపత్రం సిద్ధమయ్యేసరికి వానలు పడ్డాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో రిచర్డ్ సంతకం పెట్టాడు. గుమాస్తా కాగితం నాంచారమ్మ ముందుకు జరిపి పెన్ను అందించాడు.

"పుచ్చుకుంటున్నట్టు ఇక్కడ పెట్టాలె. సంతకం వస్తదా అమ్మా?"

ఆమె చేతులు రెండూ కొంగు కిందికి పోయాయి.

"ఈసారి ఏం కాదు నాంచారమ్మా. పెట్టు" అన్నాడు దేవానందం మెల్లగా.

ఆమె అతని వైపు చూడలేదు. వెనక టీచరమ్మ నిలబడి ఉందేమోనన్నట్టు ఒక్కసారి తల తిప్పి చూసింది. తరువాత గుమాస్తా చెవి దగ్గరికి వంగింది.

"రాదు సారూ" అంది, ఇంకెవరికీ వినబడనంత నెమ్మదిగా. బొటనవేలు చాపింది.