ఎడమ నుంచి నాలుగోది

లాంచీ ముందు కొసన నిలబడి అతను తాడు చుట్టను భుజం మీంచి దించాడు. మూడు మడతలు కుడిచేతిలోకి తీసుకుని, మిగతాది ఎడంచేతికి వేలాడేసుకున్నాడు. కొసనున్న ఉచ్చు తడిసి బరువెక్కి ఉంటే ఒకసారి దులిపాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి, మెడ మందం, అరచేతులు చెప్పుల అట్టల్లా గట్టిపడిపోయాయి. ఎడంచేతి చిటికెన వేలు ఎప్పుడో తాడు మెలికలో ఇరుక్కుని వంకరపోయింది. అప్పటి నుంచి టీ తాగేటప్పుడు ఆ వేలు విడిగా నిక్కి నిలబడి, అతనేదో గొప్పింటి బిడ్డయినట్టు కనిపిస్తుంది.

రోజూ లాంచీ ఎక్కేవాళ్ళు అతన్ని తాడు మావయ్య అంటారు. అసలు పేరు అడిగినవాళ్ళు లేరు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకటే పని. రేవు రాగానే తాడు విసరాలి. ఉచ్చు పోయి గట్టు మీది ఇనప గుంజకు పడాలి. లాగి బిగించి, పలక వెయ్యాలి. జనం దిగుతారు, ఎక్కుతారు. పలక తీసి, ఉచ్చు విప్పి, మళ్ళీ అవతలి ఒడ్డు. సరిగ్గా పడినన్నాళ్ళూ అతని వంక చూసే దిక్కుండదు. ఒక్కసారి తప్పిందా, లాంచీలో ఉన్నవాళ్ళంతా నాలుక చప్పరిస్తారు.

ఈరోజు పొద్దుటి నుంచి అప్పుడే రెండుసార్లు తప్పింది.

"ఏం మావయ్యా! ఈ వయసులో ఇంటివాడివవుతున్నావని గుంజ కూడా లోకువైపోయిందా?" అని సరంగు చక్రం దగ్గర్నుంచి కేకేశాడు.

"నువ్వు నోరు మూసుకుని లాంచీ నడుపు," అన్నాడు అతను. అన్నాడే గానీ నవ్వు ఆపుకోలేకపోయాడు. రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అయినా ఒంట్లో అలుపన్నది ఏ మూలా లేదు.

నీటి అంచునే వరసగా పదకొండు పాత ఇళ్ళున్నాయి. ఎన్నో తరాల కిందట సరుకుల వర్తకులు కట్టుకున్నవి. కింద గోదాము, పైన కాపురం. ఒకదాని భుజాన ఒకటి ఆనుకుని, సున్నం పెచ్చులూడుతూ, నీళ్ళలోకి తొంగిచూస్తూ ఉంటాయి. లాంచీ వాటి ముందు నుంచే రేవుకు పోవాలి. ఎడమ నుంచి నాలుగో ఇంటి దగ్గరికి రాగానే సరంగు ఇంజను ఆపేస్తాడు. ఉన్న ఊపుతోనే లాంచీ రేవుదాకా జారుతుంది. ఆ ఒక్క నిమిషం చప్పుడుండదు. తాడు పట్టుకుని నిలబడ్డ మనిషికి ఇంకే పనీ ఉండదు. ఏం చేస్తాడు మరి? ఇల్లు చూస్తాడు. రోజుకు పదిసార్లు, ఇరవై ఎనిమిదేళ్ళు. సన్నగా, మూడంతస్తులుగా, నీలం రంగు కిటికీతో ఉండే ఆ ఇంటిని అతను చూసినంతగా కట్టించినవాడు కూడా చూసి ఉండడు.

ఆ కిటికీలో పొద్దున్నే ఒక పెద్దావిడ చెయ్యూపేది. అతనూ ఊపేవాడు. ఏళ్ళ తరబడి సాగిందా పలకరింపు. ఒకసారి ఆవిడ చెల్లెల్ని చూడ్డానికి లాంచీ ఎక్కినప్పుడు అతను సంబరంగా ఎదురెళ్ళాడు. "అమ్మగారూ, రోజూ చెయ్యూపేది నేనేనండీ!" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఎగాదిగా చూసింది. "ఆ పిచ్చివాడివి నువ్వేనా? నేను అద్దం తుడుచుకుంటున్నాను అబ్బాయ్. ఉప్పు పేరుకుంటుంది," అంది. లాంచీ లాంచీ అంతా ఘొల్లుమంది. ఆ తర్వాత మాత్రం ఆవిడ అద్దం తుడిచాక గుడ్డ పక్కన పెట్టి మరీ చెయ్యూపేది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఒంటరిది. లాంచీలో ఆవిడకు టెలిఫోనమ్మ అని పేరు పెట్టారు.

రెండు నెలల కిందట ఆ నీలం కిటికీలో ఒక అట్ట వేలాడింది. 'ఇల్లు అమ్మబడును.' వీధి వైపు కాదు, నీళ్ళ వైపు! ఆరోజు తాడు గుంజకు కాదు, టికెట్ల గుమాస్తా కాలికి పడింది.

సాయంత్రం అతని భార్య వెళ్ళి చూసొచ్చింది. ఆవిడ ఒక కర్టెన్ల దుకాణంలో మిషను కుడుతుంది. మూరకోలలాంటి మనిషి, దేన్నయినా కొలిచి గానీ మాట్లాడదు. "ఇరవై ఆరు మెట్లు, నిట్టనిలువు. మోకాలెత్తు దాకా గోడ చెమ్మ. వంటగదిలో ఇద్దరం నిలబడితే గరిటె తిప్పడానికి చోటుండదు. పాత కట్టడం కాబట్టి కిటికీ రంగు మార్చకూడదట. గోడకు మేకు కొట్టాలన్నా మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవాలట," అని వేళ్ళు మడిచింది.

అతని మొహం వాడిపోయింది. "అయితే వద్దంటావా?"

"వద్దని ఎవరన్నారు? కొందాం," అంది ఆవిడ, ఏడుపో నవ్వో తెలియని గొంతుతో.

అద్దిళ్ళలో తొమ్మిది మారారు వాళ్ళు. తొమ్మిదింట్లోనూ మేకు కొడితే ఇంటివాళ్ళు కొట్టడానికొచ్చేవాళ్ళే. దరఖాస్తు పెట్టుకుని కొట్టుకునే మేకంటే అతనికి గౌరవంగానే తోచింది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా తాడు వదలడానికి లేదు కాబట్టి తను మాత్రం వెళ్ళలేదు. "చూడకుండా కొంటావా?" అని భార్య నిలదీస్తే, "నేను చూడనిదేముందే అందులో?" అన్నాడు.

అంతా కుదిరింది గానీ ఒక గండం మిగిలింది. వరసలో ఐదిళ్ళు అప్పటికే ఒక హోటలు కంపెనీ కొనేసింది. టెలిఫోనమ్మ గుమ్మం ముందు వాళ్ళ మనిషి రోజూ ప్రత్యక్షం. ఎక్కువిస్తామని ఒకటే పోరు. ఈరోజు పన్నెండింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసులో పిలుపుంది. తప్పితే మళ్ళీ మూడు వారాలకు గానీ రాదు. ఆవిడేమో రెండింటి లాంచీకి చెల్లెలింటికి పూర్తిగా వెళ్ళిపోతోంది. "పన్నెండు దాటితే నా వల్ల కాదు అబ్బాయ్. ఆ హోటలు వాళ్ళకే ఇచ్చేసి ఊపిరి పీల్చుకుంటాను," అని ముందే చెప్పేసింది. భార్య పొద్దున్నే ఆవిడ దగ్గరికి వెళ్ళి సామాను కట్టిస్తోంది.

పదకొండుకు తాడును గుమాస్తా చేతిలో పెట్టి అతను గట్టు మీదికి దూకాడు. ఆఫీసు గదిలో స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, తల దువ్వుకుని బయటపడేసరికి ఇరవై నిమిషాలు. అద్దిళ్ళన్నీ అవతలి ఒడ్డునే కాబట్టి ఇటు గేటు దాటే పని అతనికి ఎప్పుడూ పడలేదు. గేటు నుంచి దారి షెడ్ల మధ్య తిరిగి తిరిగి, ఆ పదకొండిళ్ళ వీధికి సరిగ్గా నడిమధ్యన తేలుతుంది. వీధిలోకి రాగానే అతని కాళ్ళు ఆగిపోయాయి.

ఇటు నుంచి చూస్తే నీలమూ లేదు, కిటికీలూ లేవు. పదకొండు తలుపులూ ఒకే గోధుమ రంగు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎరిగిన మనిషి వెనక్కి తిరిగి నిలబడ్డట్టుంది. ఫరవాలేదనుకున్నాడు. ఎదురుగా నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టాడు. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెళ్ళి తలుపు తట్టాడు.

టై కట్టుకున్న మనిషొకడు తలుపు తీశాడు. "ఏం కావాలి?"

"ఇల్లు... రిజిస్ట్రేషను... అమ్మగారు..."

"ఏ అమ్మగారు? ఈ ఇల్లు మా హోటలు కంపెనీ కొనేసింది."

అతని పైప్రాణాలు పైనే పోయాయి. పెద్దావిడ ఎంత పని చేసింది! మరి భార్య ఏది? రేవులో వాళ్ళకు, సరంగుకు, కూతురికి, వియ్యంకుడికి, అందరికీ చెప్పుకున్నాడే! గడప మీద చతికిలబడ్డాడు. టై మనిషికి జాలేసింది కాబోలు, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

"ఒక్కసారి ఆ కిటికీ దగ్గరికి పోయి వస్తాను బాబూ. ఒక్కసారి," అన్నాడు అతను. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

పై అంతస్తులో కిటికీలోంచి నీళ్ళు కనిపించాయి. పదకొండున్నర లాంచీ వస్తోంది. ముందు కొసన గుమాస్తా తాడును పామును పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. లాంచీ డబడబలాడుతూ కిటికీ ముందుకొచ్చింది, డబడబలాడుతూనే దాటిపోయింది.

అతను ఉలిక్కిపడ్డాడు. "ఇంజను ఆగలేదే!"

"ఏంటి?" అన్నాడు టై మనిషి.

"ఇంజను ఆగలేదయ్యా! ఇది కాదు! అటు నుంచి ఎడమంటే ఇటు నుంచి కుడి! ఓరి నా తెలివి తెల్లారినట్టే ఉంది!" అంటూ టై మనిషిని గట్టిగా కౌగిలించుకుని, మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వీధిలో పడ్డాడు.

అటు చివర, కుడి నుంచి నాలుగో గుమ్మంలో భార్య నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "చూడనిదేముందే అన్నావ్ కదా! కొనే ఇంటి గుమ్మం తెలియనివాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను!"

"తిట్టు, తిట్టు! పన్నెండు దాటాక తిట్టుకో! పద!"

పన్నెండుకు ఐదు నిమిషాలుండగా ముగ్గురూ ఆఫీసు మెట్లెక్కారు. ఒంటిగంటకల్లా సంతకాలు, వేలిముద్రలు అయిపోయాయి. సిరా అంటిన బొటనవేలిని అతను తుడుచుకోలేదు. దారి పొడవునా దాన్ని పైకెత్తి పట్టుకునే నడిచాడు. ఎదురైన ప్రతివాడూ నవ్వాడు, అతనూ నవ్వాడు. టెలిఫోనమ్మ కూడా నవ్వింది.

రెండింటికి ఆవిడ ఒక పెట్టెతో, ఒక చేతిసంచితో లాంచీ ఎక్కింది. పలక మీద అతనే చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఆవిడ చెయ్యి ఎంత తేలిగ్గా ఉందో!

"మీరు మళ్ళీ రావాలి అమ్మగారూ. మీ ఇల్లే అనుకోండి."

"చెల్లెలిది కింది వాటా. గడప కూడా లేదు," అంది ఆవిడ. అతని చెయ్యి వదిలి, "మెట్ల దగ్గర తొందరపడకు అబ్బాయ్," అంది.

గుమాస్తా ఉచ్చు విప్పాడు. అతను లేకుండా లాంచీ కదిలింది. ఆవిడ ఇంటి వైపు చూడలేదు. అవతలి ఒడ్డు వైపున్న బల్ల మీద, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. లాంచీ చిన్నదయ్యేదాకా అతను గట్టు మీదే నిలబడి, తరవాత ఇంటికి పరిగెత్తాడు.

పైనుంచి భార్య కేకలు పెడుతోంది. "త్వరగా రా! ఇక్కణ్ణుంచి ఎంత దూరం కనిపిస్తోందో చూద్దువుగాని!"

"వస్తున్నా, వస్తున్నా!" అని ఒకే ఊపున పది మెట్లెక్కాడు. పదకొండో మెట్టు మీద ఎడమ మోకాలు కలుక్కుమంది. గోడ పట్టుకున్నాడు. ఇంకో రెండెక్కితే మెట్ల మలుపు. అక్కడ గోడవారగా ఒక పొట్టి స్టూలుంది. దాని మీద పూలగుడ్డ దిండు.

ఆవిడ మరిచిపోయి వెళ్ళినట్టుందే అనుకుని స్టూలును చటుక్కున అందుకున్నాడు, రేవుకు పరిగెత్తి తరవాతి లాంచీలో పంపే ఉద్దేశంతో. చేతిలోకి తీసుకున్నాక గానీ తెలియలేదు, ఆవిడ మరిచిపోలేదని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంత సంతోషంలో ఈ నీళ్ళేమిటని తనని తనే విసుక్కున్నాడు.

"ఏమయ్యా, ఎక్కడిదాకా వచ్చావ్?"

"సగందాకా!" అని అరిచి, స్టూలును ఉన్నచోటే పెట్టి, గోడ పట్టుకుని మిగతా మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు.

మలుపులో ఆ స్టూలు మీద దిండు నడిమధ్యన గుంటపడి ఉంది, ఇందాకే ఎవరో లేచి వెళ్ళినట్టు.