సైలెన్సర్ సంచి

మొదటి రోజు నుంచే ఆమెకు ఆ మనిషి మీద నమ్మకం కుదరలేదు. ప్రతి ఆదివారం పొద్దున్నే దిగబడేవాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, "డ్రైవర్ గారూ" అని ఒక్క పిలుపు పిలిచి, ముందుగదిలో బండి పక్కన పీట లాక్కుని కూర్చునేవాడు. ఇక మధ్యాహ్నం దాకా నోరు విప్పితే ఒట్టు. నాన్న అతనికి 'సైలెన్సర్' అని పేరు పెట్టింది అందుకే. మాట్లాడకపోతే పోనీ, ఆమె కళ్లు అతని సంచి మీద ఉండేవి. వచ్చేటప్పుడు చంకలో మడతపెట్టి ఉండే గుడ్డసంచి, వెళ్లేటప్పుడు అడుగున బరువుతో వేలాడేది. నడుస్తుంటే లోపల ఇనుము గణగణమనేది.

నాన్న బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. కుర్రతనంలో కొన్న పాత క్రూజర్ మోటారుసైకిలు ఆయన ప్రాణం. పొడుగ్గా, నేలకు ఆనుకున్నట్టు ఉండే బండి. కాళ్లు ముందుకు చాపి, పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని నడపాలి. అమ్మ బతికున్నన్నాళ్లూ దాన్ని "నా సవతి" అనేది. అమ్మ పోయాక ఏళ్ల తరబడి పట్టా కింద పడి ఉన్న ఆ బండిని, రిటైరైన మర్నాడే ముందుగదిలోకి ఎక్కించి, ఊడదీసి కూర్చున్నాడు. సోఫా వెనకగదిలోకి పోయింది. ఇల్లంతా పెట్రోలు వాసన. సైలెన్సర్ ఆయనకు పాత ఇనుము కొట్టులో తగిలాడు. ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపి మూసేసిన మనిషి.

ఆమె మందుల షాపులో పనిచేసేది. ఏ మందు చేతికొచ్చినా ముందు తేదీ చూసి, తర్వాత అటూ ఇటూ తిప్పి చూసి గానీ అరలో పెట్టదు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. "మా ఇంట్లో దొంగలు పడక్కర్లేదు, మా సీఐడీ ఉంది" అని నాన్న నవ్వేవాడు.

ఒకరోజు షాపుకు వచ్చిన పాత గిరాకీ ఒకాయన మాటల్లో మాటగా అన్నాడు. "మీ నాన్నగారి బండి అలాంటిలాంటిది కాదమ్మా. దానికి అసలు విడిభాగాలే దొరకవు. పిచ్చి ఉన్నవాళ్లు ఒక్కో ముక్కకి ఎంతడిగితే అంత ఇస్తారు."

ఆ మాట ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. ఆ ఆదివారం వంటింట్లో గిన్నె పట్టుకుని నిలబడి, తలుపు సందులోంచి చూసింది. నాన్న ఒక బోల్టు బిగించి, నుదురు తుడుచుకుని, టీ పెట్టమని చెప్పడానికి లేచాడు. ఆయన ఇటు తిరిగాడో లేదో, సైలెన్సర్ గబుక్కున స్పానర్ అందుకుని అదే బోల్టు విప్పేశాడు. చేతిలో ఏదో మార్చాడు. మళ్లీ బిగించాడు. నాన్న తిరిగి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు గుడ్డతో ట్యాంకు తుడుస్తున్నాడు.

'పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది వీడి వాలకం' అనుకుంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర కదిపి చూసింది. "నాన్నా, ఆయన సంచిలో ఏం పట్టుకుపోతున్నాడు?"

"కడిగి తెస్తాడే. ఇంట్లో వాసనొస్తోందని నువ్వేగా గోల పెట్టావు."

"తెచ్చినవి మనవేనా అని ఎప్పుడైనా చూశావా?"

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "అన్నం తిను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన నడకకు వెళ్లిన సమయం చూసి, ఆమె సూది తీసుకుని బండి పక్కన నేల మీద కూర్చుంది. కార్బురేటర్ అడుగున, బ్రేకు కడ్డీ లోపలి వైపు, ఇంజన్ పక్కమూత అంచున, ఎవరికీ కనపడకుండా చిన్న 'అ' గీసింది. కన్నతండ్రి బండి మీదే దొంగలా గుర్తులు పెట్టాల్సి వచ్చిందే అని ఒళ్లు మండింది.

తర్వాతి ఆదివారం సైలెన్సర్ కార్బురేటర్ విప్పి సంచిలో వేసుకున్నాడు. మరుసటి ఆదివారం తళతళలాడేలా తెచ్చి బిగించాడు. అతను వెళ్లి, నాన్న కునుకు తీశాక, ఆమె టార్చి వేసి కింద నుంచి చూసింది. 'అ' లేదు. బ్రేకు కడ్డీ చూసింది. దాని మీదా లేదు.

చెప్పులు వేసుకుని నేరుగా బయల్దేరింది.

స్టూడియో రెండు వీధుల అవతల ఉంది. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరింది. గోడకు రంగు వెలిసిన కొండల తెర వేలాడుతోంది. దాని ముందు బల్ల మీద పాత పేపరు పరిచి, వరసగా పేర్చి ఉన్నాయి: కార్బురేటర్, బ్రేకు కడ్డీ, పక్కమూత, గుప్పెడు నట్లు. కార్బురేటర్ తిరగేసింది. 'అ' ఆమె వైపు చూస్తోంది.

"దొరికారు! మా నాన్న అమాయకుడని ఇల్లు దోచేస్తారా?" అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

సైలెన్సర్ కుర్చీలోంచి లేచాడు. పారిపోలేదు, అరవలేదు. కార్బురేటర్ ఆమె చేతిలోంచి తీసుకుని, దీపం కిందకి తెచ్చి వేలితో చూపించాడు. పక్కనంతా సన్నగా వెంట్రుకలాంటి బీట.

"ఇది డ్రైవర్ గారు బిగించిందమ్మా. ఇదిగో, ఈ నట్టు మూలలు చూడు, గుండ్రంగా అరిగిపోయాయి. ఈ బోల్టుకి మర చుట్లే మిగల్లేదు." ఆగాడు. ఒకేసారి అంత మాట్లాడి అలవాటు లేనట్టు కార్బురేటర్ బల్ల మీద పెట్టి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆయన వేళ్లకి స్పర్శ పోయింది. ఎంత బిగించారో ఆయనకి తెలీడం లేదు. విరిగేదాకా తిప్పుతున్నారు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. అందుకే ఎక్కడెక్కడో వెతికి వేరేవి తెచ్చి పెడుతున్నా."

"అబద్ధం" అంది. అంటూనే ఆమెకు గుర్తుకొచ్చింది. ఈమధ్య నాన్న గుండీల చొక్కాలు మానేసి తల మీంచి తొడుక్కునే బనీన్లే వేసుకుంటున్నాడు. మొన్న పొయ్యి మీది గిన్నె ఉత్త చేత్తో దించి, బొబ్బ ఎక్కినా కిమ్మనలేదు. రోజంతా ఊళ్లోవాళ్ల మందుల చీటీలన్నీ చదివే తనకు ఆ బొబ్బ కనబడింది గానీ, ఆయన ఎందుకు అరవలేదో తోచలేదు.

అయినా ఆమె కోపం చల్లారలేదు. ఇంకో చోటికి మళ్లింది.

"బ్రేకులు ఎవరు బిగించారు?"

"ఆయనే. తర్వాత నేను సరిచేశా."

"రేపు బండి తయారై, ఆయన రోడ్డెక్కాక ఎవరు సరిచేస్తారు? బ్రేకు మీద చెయ్యి పడిందో లేదో కూడా తెలీని మనిషిని లారీల మధ్యకి పంపేద్దామనుకున్నారా?"

సైలెన్సర్ తల దించుకున్నాడు. "ఆ రోజు రాకుండా ఏదో ఒకటి చేద్దాం అనుకున్నానమ్మా" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి నాన్న లేచి బండి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలీక ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వాడేమన్నాడు?" అన్నాడు నాన్న, తలెత్తకుండానే.

"నీకెలా తెలుసు?"

"మధ్యాహ్నం పూట టార్చి వేసి బండి కింద దూరితే నాకు మెలకువ రాదనుకున్నావా?" కార్బురేటర్ తట్టాడు. "ఇది మనది కాదని నాకు చూడగానే తెలిసింది. మనదాని మీద సొట్ట ఉంటుంది. మీ అమ్మతో పోట్లాడిన రోజు సుత్తి జారి తగిలింది."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఆ మాట అంటే వాడు సిగ్గుపడి రావడం మానేస్తాడు. నువ్వేమో బండి అమ్మెయ్యమంటావు." వేళ్లు ముడిచి విప్పాడు. "గ్లవుజులు వేసుకుని ముట్టుకున్నట్టుంటుందే. ఏదీ ఆనదు."

"ఇద్దరూ కలిసి నా కళ్ల ముందే నాటకం ఆడారన్నమాట!" అని అరిచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి బయటికొచ్చి, "రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. వద్దంటే నీ బండి చక్రాలు నేనే ఊడదీస్తా" అంది.

షుగరు ఎక్కువై నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. ఇక మీదట ముదరకుండా చూసుకోవచ్చు గానీ పోయిన స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు. రోడ్డు మీద బండి నడపకూడదని గట్టిగా చెప్పాడు.

ఆదివారం సైలెన్సర్ రాలేదు. నాన్న పీట వేసుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ వాలకం చూడలేక ఆమే స్టూడియోకి వెళ్లింది.

"దొంగ అన్నందుకు క్షమించండి అంకుల్. కానీ మీరు దాచింది తప్పే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. రండి, టీ చల్లారిపోతోంది."

ఆ రోజు నాన్న స్పానర్ ఆమె చేతికిచ్చాడు. "తిప్పు. నేను ఆపమన్నప్పుడు ఆపు." చేతికి తెలియంది ఆయన కంటితో పట్టాడు. స్పానర్ ఎంత తిరిగిందో, ఆమె మణికట్టు ఎంత బిగిసిందో చూసి, "చాలు. నువ్వు మీ అమ్మలాగే బలం చూపిస్తావు" అన్నాడు. విప్పి బిగించి, విప్పి బిగించి, అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో ఆమె లెక్క పెట్టలేదు. చేతి గోళ్ల కింద మసి చేరింది. షాపులో గిరాకీలు ఆమె వేళ్ల వైపు అనుమానంగా చూశారు.

బండి స్టార్టయిన రోజు కిటికీ అద్దాలు గలగలలాడాయి. పక్కింటివాళ్లు భూకంపం అనుకుని బయటికొచ్చారు. నడిపేది సైలెన్సర్, వెనక నాన్న, వీధి చివర మలుపు దాకా వెళ్లి రావడం. ఒప్పందం అది. "ఒకరి వెనక కూర్చోడం ఏంటి నా ఖర్మ" అని గొణుగుతూనే నాన్న ఎక్కాడు.

బండి చప్పుడు మలుపు తిరిగింది. తిరిగి రావాల్సిన చప్పుడు ఎంతకీ రాలేదు. ఆమె గుమ్మంలోంచి మెట్ల మీదికి, మెట్ల మీంచి రోడ్డు మీదికి వచ్చింది. చివరికి ఇద్దరూ వచ్చారు. ముందు సైలెన్సరే ఉన్నాడు, వెనక నాన్నే ఉన్నాడు. అంతా ఒప్పందం ప్రకారమే. కానీ సైలెన్సర్ తాటిచెట్టంత మనిషి. హ్యాండిల్ మీది అద్దాలు రెండూ నాన్నలాంటి పొట్టివాడికి సరిపోయేలా కిందకి వంగి ఉన్నాయి.

"ఎవరు నడిపారు?"

సైలెన్సర్ ట్యాంకు తుడవడం మొదలుపెట్టాడు.

"మైదానంలో" అన్నాడు నాన్న. "పురుగు కూడా లేదే అక్కడ. ఒక్క చుట్టు. మొదటి గేరులో. వీడు పక్కనే పరిగెత్తాడు."

చూస్తే నిజంగానే సైలెన్సర్ చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది.

"తాళం ఇలా ఇవ్వండి" అంది చెయ్యి చాపి. నాన్న నసిగి, గొణిగి ఇచ్చాడు. ఆమె దాన్ని తన బ్యాగులో వేసి జిప్పు లాగింది.

"వచ్చే ఆదివారం మైదానానికి నేనూ వస్తా. ముందు నాకు నేర్పండి" అంది. "మీ ఇద్దర్నీ ఒంటరిగా పంపే ప్రసక్తే లేదు."