ఆరో టవరు కార్నిస్

నోయిడాలోని ఒక అపార్ట్‌మెంట్ల సొసైటీలో, ఆరో టవరు గోడ పక్కన కమ్లేశ్ తొమ్మిదేళ్లుగా ఇస్త్రీ బల్ల వేసుకుని బతుకుతోంది. బుధవారం పొద్దున రెండో అంతస్తు చుట్టూ అలంకారానికి అతికించిన సిమెంటు పట్టీ, కార్నిస్‌లో మూరెడు ముక్క ఊడి ఆమె కుడి మణికట్టు మీద పడింది. జానెడు ఇటు జరిగి ఉంటే తలే పగిలేది.

ముందుగా పరుగెత్తుకొచ్చింది అక్కడే ఉండే సొసైటీ కమిటీ సభ్యురాలు హైమవతి. సైన్యం కట్టడాల విభాగంలో ముప్ఫై ఏళ్లు జూనియర్ ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. కమ్లేశ్‌ను ఆస్పత్రికి తీసుకెళ్లి, కట్టు కట్టించి తిరిగొచ్చాక, పడిన ముక్కను తిరగేసి చూసింది. ముందువైపు తీగెలూ పూలూ పోతపోసిన అందమే. వెనక, అంత బరువును గోడకు పట్టి ఉంచాల్సిన ఇనుప కొక్కెం ఒక్కటీ లేదు. ఎండిపోయిన జిగురు మరక మాత్రం ఉంది. ఆమెకు ఒళ్లు మండింది.

సాయంత్రం కమిటీ మీటింగులో సెక్రటరీ సుధీర్ తీర్మానం చదివాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మేనేజరు అతను. టవర్ల కింద బల్లలు ఉండకూడదట, ఇస్త్రీ బల్ల వారంలో తీసేయాలట.

"ఊడింది కార్నిస్ కదా సుధీర్. తీసేసేది మనిషినా?" అంది హైమవతి.

"ఆమె సేఫ్టీ కోసమే ఆంటీ. ఆడ కూర్చోకపోతే దెబ్బ తగులుతుండెనా?"

"మిగతాది ఎప్పుడు పడుతుందో తెలుసా నీకు?"

"మీరు బేకార్ టెన్షన్ తీసుకుంటున్నరు. అది పీకేస్తే టవర్లు బోసిగ అయితయి. ఫ్లాట్ అమ్ముకునేటోళ్లు నన్నే తిడతరు."

ఆమె సంచీలోంచి ఆ ముక్క తీసి తీర్మానం కాగితం మీద పెట్టింది. "కొక్కెం ఎక్కడుందో చూపించు."

ఎవరూ ముట్టుకోలేదు. "టేబుల్ గ్లాసుది, జాగ్రత్త ఆంటీ," అన్నాడు సుధీర్. గ్లాసు మీద ఉన్న జాలి కమ్లేశ్ చేతి మీద లేకపోయిందే అనుకుంది ఆమె. తీర్మానం నెగ్గింది. వద్దన్నది ఆమె ఒక్కతే.

మర్నాటి నుంచి హైమవతి వెదురుకర్ర పట్టుకుని బాల్కనీ బాల్కనీకీ తిరిగింది. కార్నిస్‌ను తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీత గీసింది. నాలుగు రోజుల్లో నలభై రెండు గీతలు తేలాయి. ఆ జాబితాను సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పదిహేడో గీత గేటు పక్కన, పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే చోటికి సరిగ్గా పైన ఉంది. సుధీర్ కూతురు ఇషిత రోజూ నిలబడేదీ అక్కడే.

మధ్యాహ్నానికల్లా వలలు కట్టారు. పది రోజుల్లో అన్ని టవర్ల కార్నిస్‌లూ దించేశారు. టవర్లు బోసిపోయాయని ఒక్కరూ అనలేదు.

సుధీర్ ఆమె గుమ్మంలోకి వచ్చి, "థాంక్స్ ఆంటీ. మా పాప అక్కడనే నిలబడతది," అన్నాడు.

"కమ్లేశ్ కూడా అలాంటి కార్నిస్ కిందే కూర్చునేది. ఆ మాట నీ నోట ఒక్కసారైనా వచ్చిందా?"

తీర్మానం రద్దయింది, బల్ల మళ్లీ వచ్చింది. కానీ కమ్లేశ్ మణికట్టు సరిగ్గా అతుక్కోలేదు. ఎడమ చేత్తో రుద్దితే కాలర్లు ముడతలు పడుతున్నాయి.

"దీదీ, పదిహేను ఇళ్లవాళ్లు బట్టలివ్వడం మానేశారు," అంది ఒకరోజు.

ఎవరెవరని అడిగింది హైమవతి. కమ్లేశ్ మొదట చెప్పింది సుధీర్ ఫ్లాటు నంబరే. హైమవతి చెప్పులు వేసుకుని అతని టవరు వైపు నడిచింది.