మలుపు దగ్గర బైరప్ప

అప్పటికే మూడో బకెట్టు సున్నం అయిపోవచ్చింది. నడుము వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ, పిడికిట్లోంచి సన్నగా జారవిడవడం బైరప్ప పద్ధతి. ఆయన కాలేజీ గ్రౌండు అటెండరు. గీతలు గీసే చక్రాల డబ్బా ఉంది గానీ దాన్ని నమ్మడు. ఇరవై ఎనిమిదేళ్ల సున్నానికి వేళ్ల కొసలు పగిలిపోయాయి. అన్నం కలిపినప్పుడల్లా మండుతాయి. దూరపు పరుగుల కోసం ఆ చేత్తో గీసిన ముగింపు గీతను ఎవరైనా దాటడం మాత్రం ఆయన ఒక్కసారీ చూడలేదు.

అలాంటి పందెం ఏదైనా సరే, మొదలవకముందే ఆయన్ను మలుపు దగ్గరికి తోలేస్తారు. ఊరవతల పొలాల్లో, సగం దారిలో, పరుగెత్తేవాళ్లు వెనక్కి తిరిగే చోట నిలబడి ప్రతివాడి మణికట్టుకూ ఎర్రదారం కట్టాలి. దారం లేనివాడు అడ్డదారిన వచ్చినట్టే లెక్క. వాళ్లు ఆగరు, చెయ్యి చాస్తారంతే. పక్కన నాలుగడుగులు పరుగెత్తుతూ ముడి వెయ్యడం బైరప్పకు తప్ప ఇంకెవరికీ చేతకాదు. పని బాగా వచ్చినందుకు ఆయనకు పడిన శిక్ష అది.

1981 డిసెంబరులో దేశంలోని యూనివర్సిటీల జట్లన్నీ క్రాస్ కంట్రీ పోటీకి మదనపల్లెలో దిగాయి. పన్నెండు కిలోమీటర్ల పరుగు. నెలాఖరుకు బైరప్ప రిటైరవుతాడు, ఇదే ఆఖరి పందెం. అందుకని ఫిజికల్ డైరెక్టరు జయచంద్ర సారు మాటిచ్చాడు, మలుపు దగ్గర పని కాగానే జీపు పంపిస్తాననీ, మొదటివాడు గీత దాటేలోపు తెచ్చి ముందు వరసలో నిలబెడతాననీ. పందెం రోజు బైరప్ప పొద్దున్నే గడ్డం గీయించుకొచ్చాడు. పెళ్లికా అని భార్య రాజమ్మ నవ్వింది.

మొత్తం నూట పన్నెండు మంది, లెక్కకు అన్నే దారాలు. దుమ్ము రేపుకుంటూ వచ్చారు, చేతులు చాచారు, వేరుశనగ చేల గట్ల మీదుగా వెళ్లిపోయారు. జీపు వచ్చేసరికి బైరప్ప చేతిలో ఒక దారం మిగిలింది. వాడెవడో దారిలోనే మానుకుని ఉంటాడు, ఎక్కమని డ్రైవరు గోవిందరాజులు తొందర పెట్టాడు. బైరప్ప దారం వైపు చూశాడు, దారి వైపు చూశాడు.

"నువ్వు పోప్పా. వాడొచ్చేతలికి ఈడ ఎవురూ లేకుంటే ఎందుకొచ్చినానా అనుకుంటాడు."

జీపు పోయింది. దాని దుమ్ము అణిగేదాకా ఆయన అటే చూస్తూ నిలబడ్డాడు.

అరగంటకు ఒక పిల్లవాడు కుంటుకుంటూ వచ్చాడు. కుప్పం నుంచి వచ్చిన చెంగల్రాయుడు, పైగా మన యూనివర్సిటీ జట్టువాడే. మడమ వాచిపోయింది. అంతమంది ముందు ఆఖరివాడిగా పోలేననీ, ఇట్నుంచి ఇటే బస్టాండుకు పోతాననీ చెప్పి చెయ్యి చాపలేదు. బైరప్పే ఆ చెయ్యి లాక్కుని ముడి వేశాడు.

"నేనూ వస్తాండా, పా. ఆ గీత దాటేది ఇంతవరకూ నేనూ సూడలా."

ఆరు కిలోమీటర్లు ఇద్దరూ నడిచారు, మధ్యమధ్య పరుగెత్తారు. మైదానం చేరేసరికి బహుమతులిచ్చేశారు, షామియానా విప్పేస్తున్నారు, సార్లంతా భోజనాల దగ్గర ఉన్నారు. గీత దగ్గర బైరప్ప ఆగిపోయాడు. పిల్లవాణ్ణి ముందు పంపి, కళ్లు ఆర్పకుండా చూశాడు. వాడు దాటాక ఆ పగిలిన చేతులతో ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

"నువ్వు గూడా దాటు పెద్దాయనా," అన్నాడు చెంగల్రాయుడు.

చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, సిగ్గుపడుతూనే బైరప్ప దాటాడు. గీత దాటినవాళ్లకు వరసగా ఇచ్చే అంకెల అట్టలు బల్ల మీద రాయి కింద ఇంకా కొన్ని మిగిలున్నాయి. పిల్లవాడు పైనున్నది తను తీసుకుని, దాని కిందిది ఆయన జేబులో పెట్టాడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న బైరప్ప మళ్లీ లేవలేదు. ఆయన బట్టలు పుంగనూరు మరిదికి ఇచ్చేటప్పుడు రాజమ్మ ఒక ఖాకీ చొక్కా మాత్రం పక్కకు తీసింది. డిసెంబరు నుంచి దాన్ని ఆయన ఉతకనివ్వలేదు, ఎందుకని అడిగితే నవ్వేవాడు. జేబులో చెమటకు అంచులు మెత్తబడిన ఒక అట్టముక్క ఉంది, దాని మీద నల్లటి అంకెల్లో 113.