లేలండ్ చేసిన ఇనప్పెట్టె

అమెరికాలో, మోంటానా రాష్ట్రంలోని ఆ చిన్న ఊళ్లో వెల్డింగ్ పనికి లేలండ్‌ని మించినవాడు లేడు. ఆ సంగతి ఊరికన్నా అతనికే బాగా తెలుసు. అక్కడి వేటగాళ్లు పేల్చేసిన తూటా గుల్లలు ఏరుకొచ్చి, వాటిలో మళ్లీ తుపాకీమందు నింపుకుంటారు. ఆ మందు దాచడానికి లేలండ్ పావంగుళం మందం రేకుతో పెట్టె చేశాడు. మూత చుట్టూ రబ్బరు పట్టీ, నాలుగు బిగింపులు. తుపాకీ క్లబ్బుకి మోసుకొచ్చి బల్ల మీద దభీమని పెట్టాడు.

స్కూలు బస్సు నడిపే మేవిస్ నలభై ఏళ్లుగా తూటాలు నింపుతున్న మనిషి. పెట్టెని వేలితో కొట్టి చూసింది.

"దీంట్లో మందు పెడితే బాంబే, లేలండ్. మందు దాని సొంత డబ్బాలోనే ఉండాలి. ఆ డబ్బాల్ని పల్చటి చెక్కపెట్టెలో పెట్టుకోవాలి. నిప్పంటుకుంటే చెక్క విడిపోయి, మందు భుస్సుమని కాలిపోతుంది, అంతే. ఇది విడిపోదే!"

"పోనీ అట్టపెట్టెలో పెట్టి రిబ్బను కట్టనా, మేవిస్?"

అందరూ గొల్లుమన్నారు. ఆమె కాఫీ కప్పు తీసుకుని పక్కకి వెళ్లిపోయింది. ఆ వారమే నలుగురు అలాంటి పెట్టెలు చేయించుకున్నారు. లేలండ్ తన పెట్టెని మందుతో నింపి, ఇంటి దగ్గరి షెడ్డులో ఒక మూలన పెట్టుకున్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం లేలండ్ ఎండుగడ్డి కోస్తుంటే యంత్రం బ్లేడు రాయికి తగిలి నిప్పురవ్వ లేచింది. చూస్తుండగానే మంట షెడ్డుకి అంటుకుంది. ఊళ్లోవాళ్లే నడిపే ఫైరింజను వచ్చింది. ముందు దళపతి డ్వేన్ దిగాడు, వెనకాల గొట్టం లాక్కుంటూ మేవిస్.

"లోపల ఏముంది? పెట్రోలా, గ్యాసా, మందా?" అని డ్వేన్ అరిచాడు.

లేలండ్ నోరు తెరిచాడు. హెల్మెట్ కింద నుంచి మేవిస్ అతన్నే చూస్తోంది.

"పనిముట్లే" అన్నాడు.

ఆ మూలదాకా మంట పోదులే అని తనకి తాను చెప్పుకున్నాడు. ఒక నిమిషం గడిచింది. ఆ మూల కప్పు కూలడం చూశాక, "వెనక్కి రండి! వెనక్కి!" అని గొంతు చించుకున్నాడు. మిగతావాళ్లు పరిగెత్తారు. మేవిస్ ఇంకా గొట్టం వదులుతుండగానే పెట్టె పేలి, మూత గోడని చీల్చుకుని వచ్చింది.

మేవిస్ భుజం ఎముక విరిగింది. ఎడమ చెవికి వినికిడి పోయింది.

"నువ్వు అరవబట్టే బతికాం రా" అని డ్వేన్ అతన్ని కావలించుకున్నాడు. లేలండ్ కర్రలా నిలబడ్డాడు.

పది రోజులు అతను ఆమె ఇంటి దారి తొక్కలేదు. పదకొండో రోజు వెళ్లాడు. మేవిస్ వరండాలో చేతికి కట్టుతో కూర్చుని ఉంది. అతను నిలబడే, నేల చూస్తూ గబగబా అన్నాడు.

"మందు ఉందని నాకు తెలుసు. డ్వేన్ అడిగినప్పుడే తెలుసు. నువ్వు ఎదురుగా ఉండబట్టి, పరువు పోతుందని చెప్పలేకపోయాను."

"అటువైపు చెవి పనిచెయ్యదు. ఇటొచ్చి మళ్లీ చెప్పు" అంది మేవిస్.

లేలండ్ కుర్చీ చుట్టూ తిరిగి వచ్చాడు. మొదటిసారి దొర్లిపోయిన మాటలే ఇప్పుడు ఒక్కొక్కటిగా పెకలించాల్సి వచ్చింది.

ఆమె రోడ్డు వంక చూస్తూ అంది. "ఆ పెట్టె లోపల ఉందేమోనని నాకు అనుమానం రాకపోలేదు. పనిముట్లే అన్నావు కదా, నమ్మాను."

అతను ఏదో అనబోయాడు.

"క్షమించమని మాత్రం అడక్కు. ఇవాళ నావల్ల కాదు. మిగతా నాలుగు పెట్టెలూ ఎవరిళ్లల్లో ఉన్నాయి?"

లేలండ్ ముందు డ్వేన్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. డ్వేన్ అతని మొహం మీదే తలుపు వేసేశాడు. తర్వాత లేలండ్ ఆ నలుగురి ఇళ్లకీ వెళ్లాడు. ప్రతి ఇంట్లోనూ మొదటినుంచీ చెప్పుకొచ్చి, మందు డబ్బాలు బయటికి తీయించి, పెట్టె వెనక్కి తీసుకున్నాడు. ఆఖరివాడైన ముసలి ఆస్కార్‌కి ఇవ్వడం ఇష్టం లేదు.

"ఎంత చక్కగా చేశావయ్యా! అతుకు ఎక్కడుందో కూడా తెలియడంలేదు" అన్నాడు మూత నిమురుతూ.

లేలండ్ తలెత్తకుండా పెట్టె భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.