లోపలి పొర

తుమ్మి తుమ్మి ముత్తమ్మ ముక్కు తుడుచుకుంది. ముక్కూ పసుపే, కొంగూ పసుపే. కోరుట్ల శివారులోని ఆ పసుపు ప్యాకింగు షెడ్డులో పొద్దుటి నుంచి ఆరు వందల కాగితం పొట్లాలకు లేబుళ్లంటించింది. లేబుల్ మీద పచ్చటి ఆకు, దాని కింద ‘మట్టిలో కలిసిపోతుంది’ అన్న మాట.

"ముత్తమ్మా, పట్నంకెల్లి సరుకు కొనే సార్లు అస్తున్నరు," అన్నాడు యజమాని మహేందర్, ఎన్నడూ లేనంత తియ్యగా. "వీడియో తీస్తరట. గీ పొట్లం పసులు తిన్నా ఏం గాదని రెండు ముక్కలు చెప్పు. బర్రెను సాదినదానివి, నువ్వు చెప్తె నమ్ముతరు. రేపటి సంది నీ కూలి నాలుగు వందలు."

మూడు వందల యాభై కూలికి పది రూపాయలు పెంచమంటే ఆర్నెల్లు ముఖం చాటేసిన మనిషి! ఇవాళ యాభై ఊరికే పెంచుతాడా?

నిరుడు ముత్తమ్మ పాడిబర్రె కడుపుబ్బి చచ్చింది. డాక్టరు కోసి చూస్తే లోపల బుట్టెడు ప్లాస్టిక్ కవర్లు. అప్పటి నుంచి ఆమె ఏ కవరునూ నమ్మదు. అందుకే ఎనిమిది రోజుల కింద ఈ కొత్త పొట్లాన్ని ఒకటి తీసుకెళ్లి, ఖాళీగా పడున్న బర్రె గోళెంలో కుడితి పోసి అందులో వేసింది. ఈ పొద్దున చెయ్యి పెట్టి దేవితే కాగితం మెత్తబడి ఊడిపోయింది గానీ, లోపలి పల్చటి పొర చెక్కు చెదరలేదు. లాగితే సాగింది, తెగలేదు. దాన్ని మడిచి బొడ్లో దోపుకుని పనికొచ్చింది.

"చెప్పరాదె ముత్తక్కా, బావ పైసలు పంపక నాలుగు నెల్లాయె," అని పక్కన కూర్చున్న గంగవ్వ గుసగుసలాడింది.

నిజమే. దుబాయిలో ఆమె మొగుడు ఓదెలు పనిచేసే కంపెనీ మూతపడింది. ఈ కూలి కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

సార్లు వచ్చారు. ఒకాయన సెల్లు ఆమె ముఖానికెదురుగా పట్టాడు. "చెప్పమ్మా, పశువులు తిన్నా ఏమీ కాదు కదా?"

ముత్తమ్మ బొడ్లోంచి పొర తీసి బల్ల మీద పరిచింది.

"ఎన్మిది దినాలు కుడితిల నానింది సారూ. మీరే తెంపి సూడుండ్రి."

మహేందర్ ముఖం మాడిపోయింది. "ఏయ్, ఏందది? నోర్మూసుకొని లేబుల్ అంటియ్యి!"

"అంటియ్య సేటూ. బర్రెను బొంద పెట్టినదాన్ని, గా మాట నా నోట రాదు. గీ ఆకు నా చేత్తోని అంటియ్య."

సారు ఆ పొరను రెండు చేతులా పట్టి లాగుతూనే ఉన్నాడు. గంగవ్వ చేతిలోని లేబుల్, పొట్లానికి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.